కత్తిరించని కూపన్లు

మెక్సికో బంగారు, వెండి గనుల పాత షేరు పత్రం చేతికొస్తే చాలామంది కళ్లు పైన చెక్కిన బొమ్మ మీద పడతాయి. నేనైతే ముందు కూపన్లు చూస్తాను. పేరు రాయని పత్రం ఎవరి చేతిలో ఉంటే వాటా వారిదే. డివిడెండ్, అంటే లాభంలో వాటా, ప్రకటించినప్పుడల్లా పత్రానికి ఉన్న అంకె వేసిన ఒక చిన్న ముక్క, అదే కూపన్, కత్తిరించి ఇచ్చి డబ్బు తీసుకునేవారు. ముక్కలు చాలావరకు మిగిలిపోయాయంటే కొన్నవాడి చేతికి వచ్చింది తక్కువే. అలాంటి నిండు పత్రమే సేకరణదారుకు ముచ్చట!

ఈ కాగితాల కథ 1824 లండన్‌లో మొదలైందనవచ్చు. స్వాతంత్ర్య యుద్ధంలో పాడుబడి, నీట మునిగిన మెక్సికో గనులను ఆవిరి యంత్రాలతో తోడేస్తామంటూ కంపెనీలు పుట్టుకొచ్చాయి. వాటిలో పేరు మోసింది రియల్ డెల్ మోంటే. అప్పటికి వాటాకు చెల్లించింది 70 పౌండ్లే అయినా, 1825 జనవరిలో దాని మీద అదనపు ధర 1,350 పౌండ్లకు ఎగబాకింది. ఈ గనుల కంపెనీలను పొగుడుతూ కరపత్రాలు రాసిన యువకుడు బెంజమిన్ డిజ్రేలీ, తర్వాతి కాలపు బ్రిటన్ ప్రధాని, తానూ షేర్లు కొని అప్పులపాలయ్యాడు. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి 1,500 టన్నుల యంత్రాలతో వెళ్లినవారిలో చాలామందిని మెక్సికోలోని వెరాక్రూజ్ తీరంలో పచ్చజ్వరం పొట్టన పెట్టుకుంది. చివరకు సుమారు 50 లక్షల పెసోల నష్టంతో 1849లో కంపెనీ చేతులెత్తేసింది. 1,30,000 పెసోలకు కొన్న మెక్సికన్లకు కొన్నేళ్లకే రొసారియో గనిలో గొప్ప వెండి పొర దొరికింది!

ఆ లండన్ కంపెనీని నడిపిన జాన్ టేలర్ పేరు మనకూ కొత్తది కాదు. 1880లో కోలారు బంగారు గనులు చేపట్టింది ఆయన కుటుంబ సంస్థే. చిత్తూరు వైపు నుంచి ఎందరో తెలుగువాళ్లు అక్కడ సొరంగాల్లో దిగారు.

ఇక గనుల కంపెనీల రెండో వెల్లువ మెక్సికో అధ్యక్షుడు పోర్ఫిరియో డియాజ్ పాలనలో వచ్చింది. 1884, 1892 గనుల చట్టాలు, కొత్త రైలు మార్గాలు విదేశీ పెట్టుబడికి తలుపులు బార్లా తెరిచాయి. నేడు సేకరణల్లో కనిపించే పత్రాలు చాలావరకు అప్పటివే. నకిలీలు పుట్టకుండా కరెన్సీ నోట్లలాగే అల్లిక గీతలతో ముద్రించేవారు. 1910లో విప్లవం రేగింది. భూగర్భ సంపద జాతిదేనని 1917 రాజ్యాంగం 27వ అధికరణ తేల్చింది.

ఫ్రాన్స్వా ఫోర్నియే స్థాపించిన దోస్ ఎస్త్రెయాస్ అనే బంగారు గనుల కంపెనీ డియాజ్ కాలపుదే. ఆ బంగారంతో ఆయన 1912లో ఫ్రాన్సులో పోర్కెరోల్ అనే దీవినే కొని భార్యకు కానుకిచ్చాడు. 1937 మే 27న ఆ గని వ్యర్థాల కట్ట తెగి, పక్కనున్న త్లాల్‌పుహావా ఊరి దిగువ భాగాన్ని బురద కప్పేసింది. అక్కడి పాత చర్చి గోపురం ఇంకా నిలబడే ఉంది. కంపెనీ పత్రాలూ ఇంకా చేతులు మారుతున్నాయి, మిగిలిన కూపన్లను అంటిపెట్టుకునే.