ముప్పై పైసల లెక్క, పదేళ్ల వాయిదా

హైదరాబాద్ నుంచి విజయవాడ బస్సెక్కితే, ఇబ్రహీంపట్నం దగ్గర థర్మల్ ప్లాంట్ పొగగొట్టాలు కనిపించగానే జనం సీటు కింద చెప్పులు వెతుక్కోవడం మొదలుపెడతారు. పెద్ద ప్లాంట్ల గొట్టాలు 275 మీటర్లు ఉంటాయి. అంత ఎత్తు ఎందుకంటే పొగ ఊరి మీద పడకుండా దూరంగా పోవాలని. బూడిద సంగతి వేరు, అది ఆరేసిన బట్టల మీద కనిపిస్తుంది, జనం గొడవ చేస్తారు, అందుకే దాన్ని పట్టే ఈఎస్‌పీ యంత్రాలు ఎప్పుడో వచ్చాయి. బొగ్గులోని సల్ఫర్ కాలితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్‌ గ్యాస్‌కి రంగు లేదు. దాని గురించి ధర్నా చేసినవాళ్లని నేనైతే చూడలేదు.

2025 జులై 11న కేంద్ర పర్యావరణ శాఖ దేశంలోని బొగ్గు విద్యుత్ యూనిట్లలో సుమారు 78 శాతానికి ఆ గ్యాస్‌ని పట్టే ఎఫ్‌జీడీ (ఫ్లూ గ్యాస్ డీసల్ఫరైజేషన్) యంత్రం పెట్టాల్సిన పని లేదని తేల్చేసింది. ఈ నిర్ణయం వెనక ఉన్నదంతా లెక్కలే. అవి ఎక్కడ మొదలై ఎలా మలుపు తిరిగాయో చూస్తే తప్ప ఇది అర్థం కాదు.

అసలు ఆలోచన వందేళ్ల నాటిది. పొగ వదిలేవాడి ఖాతాలో ఆ పొగ చేసే నష్టం ఎక్కదు, కాబట్టి పన్ను వేసి ఎక్కించాలని పిగూ అనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త 1920లోనే చెప్పాడు. అమెరికా 1990లో ఇంకో దారి పట్టింది. ఆమ్ల వర్షాలు ఆపడానికి సల్ఫర్ డయాక్సైడ్‌ మీద దేశమంతటికీ ఒక పరిమితి పెట్టి, టన్నుకో పర్మిట్ చొప్పున ప్లాంట్లకి పంచి, మిగిలినవాడు అమ్ముకో, చాలనివాడు కొనుక్కో అంది. అప్పుడు ఖర్చు అంచనా వేసే లెక్కల మోడళ్లు తయారుచేసినవాళ్లు టన్ను పర్మిట్ కొన్ని వందల డాలర్లు పలుకుతుందన్నారు, కరెంటు కంపెనీల అంచనాలైతే వెయ్యి కూడా దాటాయి. తీరా 1993లో మొదటి వేలంలో ధర 150 డాలర్ల ప్రాంతంలో ఉంది, 1996కి 70 దాకా పడిపోయింది. ఎందుకంటే 1980లో రైల్వే రవాణా మీద నియంత్రణలు సడలించాక వ్యోమింగ్ రాష్ట్రం నుంచి సల్ఫర్ తక్కువున్న బొగ్గు తెప్పించుకోవడం చవకైపోయింది, ఖరీదైన యంత్రం పెట్టే బదులు చాలామంది బొగ్గే మార్చేశారు. పర్యావరణ చట్టం ఖర్చుని రైలు కిరాయి తగ్గించేసిందన్నమాట! మోడల్ వేసేవాళ్లు చూస్తూ కూర్చున్నది మాత్రం పొగగొట్టం వైపు.

మనకి ఆ సులువు లేదు. మన బొగ్గులో సల్ఫర్ ముందే తక్కువ, అర శాతం చుట్టూ ఉంటుంది. కానీ బూడిద 35-40 శాతం, వేడి తక్కువ, కాబట్టి అదే కరెంటుకి ఎక్కువ బొగ్గు కాల్చాలి. 2015 డిసెంబరులో కేంద్రం ప్లాంట్ల పొగకి కొత్త ప్రమాణాలు తెచ్చి, పాత ప్లాంట్లకి రెండేళ్లు గడువిచ్చింది. చాలా ప్లాంట్లు వాటిని అందుకోవాలంటే ఎఫ్‌జీడీ తప్పదు. సున్నపురాయి పొడిని నీళ్లలో కలిపి పొగ మీద చల్లితే గ్యాస్ జిప్సంగా మారి కిందికి దిగుతుంది. సూత్రం చిన్నదే గానీ మెగావాట్‌కి కోటి రూపాయల పైమాటే, పైగా ప్లాంట్ తయారుచేసిన కరెంటులో కొంత అదే తినేస్తుంది.

గడువు 2017 నుంచి 2022కి జరిగింది. 2021లో ప్లాంట్లని మూడు వర్గాలు చేశారు. ఢిల్లీ ప్రాంతానికి, పది లక్షల జనాభా దాటిన నగరాలకి 10 కిలోమీటర్ల లోపు ఉంటే ఎ, బాగా కలుషితమైన ప్రాంతాల పక్కనుంటే బి, మిగతా అంతా సి. ఆ తర్వాత 2022లో ఒకసారి, 2024 చివర్లో ఇంకోసారి గడువు పొడిగించారు. చివరికి 2025లో సి వర్గానికి, గొట్టం ఎత్తు నిబంధన పాటిస్తే చాలని, మొత్తం మినహాయింపే వచ్చేసింది.

ఇక్కడే రెండు రకాల లెక్కలు ఢీకొన్నాయి. బెంగళూరులోని సీస్టెప్ అనే పరిశోధన సంస్థ 2018లో, ప్రమాణాలు అమలైతే 2030 నాటికి 3.2 లక్షల అకాల మరణాలు తప్పుతాయని, లాభం ఖర్చుని మించిపోతుందని అంచనా వేసింది. ఇలాంటి మోడల్‌లో ప్రాణానికి కూడా రూపాయల్లో విలువ కడతారు. వినడానికి ఎబ్బెట్టుగా ఉంటుంది, నాకూ ఉంటుంది, కానీ కట్టకపోతే ఆ గడిలో సున్నా పడుతుంది, అది ఇంకా ఘోరం. ప్రభుత్వం ఆధారం చేసుకున్న అధ్యయనాలు మాత్రం గాలిలో ఈ గ్యాస్ ఎంతుందో చూశాయి. పరిమితి 24 గంటల సగటున ఘనపు మీటరు గాలికి 80 మైక్రోగ్రాములైతే చాలాచోట్ల ఉన్నది 20 లోపేనట. పైగా సున్నపురాయి తవ్వకం, రవాణా, అదనపు కరెంటు వల్ల కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుందన్నారు.

ఆ అంకెలు తప్పని నేననను. కాకపోతే సల్ఫర్ డయాక్సైడ్ గాల్లో అలాగే ఉండిపోదు. వందల కిలోమీటర్లు పోతూ సల్ఫేట్ రేణువులుగా మారి పీఎం 2.5 అనే అతి సన్నని దుమ్ములో కలుస్తుంది. గ్యాస్‌ని కొలిచే మీటర్‌కి అది దొరకదు, దుమ్ము లెక్కలో ఎక్కడో వేరే రాష్ట్రం ఖాతాలో తేలుతుంది. 10 కిలోమీటర్ల గీత ఎక్కడ గీశామన్నదే ఇక్కడ అసలు విషయం.

ఖర్చు వైపు అంకె మాత్రం ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. అన్ని ప్లాంట్లకీ పెడితే యూనిట్‌కి 25-30 పైసలు పెరుగుతుందన్నారు. నెలకి 200 యూనిట్లు కాల్చే ఇంటికి 50-60 రూపాయలు. పాత ఖర్చుల సర్దుబాటు కింద వేసే ట్రూఅప్ ఛార్జీల పేరెత్తితేనే జనం భగ్గుమంటున్న రోజుల్లో ఏ డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) అయినా ఈ కొత్త లైను బిల్లులో వేయడానికి వణుకుతుంది. ఆస్పత్రి ఖర్చు కరెంటు బిల్లులో రాదు కదా.

ఈ గొడవలో పెద్దగా ఎవరూ ఎత్తని ఉదాహరణ సూరత్. అక్కడ 2019లో బట్టల మిల్లుల బాయిలర్ల పొగలోని రేణువులకి అమెరికా తరహా పర్మిట్ మార్కెట్ పెట్టి, 317 ఫ్యాక్టరీల్లో కొన్నిటిని లాటరీ తీసినట్టు ఎంచి ఇందులో చేర్చి, మిగతావాటిని పాత పద్ధతిలోనే ఉంచారు. గొట్టాలకి నిరంతరం కొలిచే మీటర్లు బిగించారు. మార్కెట్‌లో ఉన్నవాటి కాలుష్యం 20 నుంచి 30 శాతం తగ్గింది, తగ్గించడానికయ్యే ఖర్చూ తగ్గింది. మోడల్ మీద వాదించుకునే బదులు కొలిచి చూశారు.

థర్మల్ ప్లాంట్ల విషయంలో ఎ వర్గానికి 2027 డిసెంబరు దాకా గడువుంది. బి వర్గం సంగతి ఒక్కో ప్లాంట్‌ని చూసి తేలుస్తారు. మరి గడువు నమ్మి ముందే వందల కోట్లు పోసి ఎఫ్‌జీడీ బిగించుకున్న సి వర్గం ప్లాంట్ల మాటేంటి? యంత్రం ఆపేసినా దాని అప్పుకి వడ్డీ ఆగదు, నడిపితే సున్నపురాయి ఖర్చు.