వీగన్లూ, బి12 దగ్గర మాత్రం బేరాలు వద్దు

పాలు, పెరుగు, నెయ్యి మానేసి వీగన్లుగా మారి వచ్చేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది అడిగేది ప్రొటీన్ గురించే. అడగాల్సిన బి12 విటమిన్ ఊసే ఉండదు. మనం గుర్తుచేస్తే జవాబు సిద్ధంగా ఉంటుంది: "చద్దన్నం తింటున్నానండీ, అందులో వస్తుందటగా."

రాదు. చద్దన్నంలో రాదు, పులిసిన ఇడ్లీ పిండిలో రాదు, తరవాణిలో రాదు. వచ్చినా నమ్ముకునేంత రాదు. బి12ని తయారుచేసేవి కొన్ని రకాల సూక్ష్మజీవులు మాత్రమే. మన పిండిని పులియబెట్టేవి వేరే పని చేసుకుంటాయి. స్పిరులినా (నీటి నాచు) మాత్రల డబ్బా మీద బి12 అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా, అందులో ఎక్కువభాగం బి12ను పోలిన పదార్థమే. శరీరానికి అక్కరకు రాదు సరికదా, కొన్ని పరీక్షల్లో అంకెను పెంచి చూపించి మోసం కూడా చేస్తుంది.

"మానేసి ఏడాదైంది, బ్రహ్మాండంగా ఉన్నాను" అన్నది రెండో మాట. కాలేయంలో నిల్వ బాగుంటే రెండుమూడేళ్లు కూడా ఏమీ తెలియదు. కానీ చిన్నప్పటి నుంచీ శాకాహారంలో ఉండి, రోజుకో కప్పు పెరుగుతో సరిపెట్టుకున్నవాళ్ల నిల్వ మొదటే అంతంతమాత్రం. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లకీ, గ్యాస్ మాత్ర ఏళ్ల తరబడి మింగేవాళ్లకీ ఇంకా తక్కువ. అరికాళ్లలో తిమ్మిర్లు, నాలుక మంట, మతిమరుపు మొదలయ్యాక తేరుకోవడం ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ అయితే బి12 మాత్రను ఒక్క వారం కూడా వాయిదా వేయొద్దు. తల్లిలో లేనిది బిడ్డకు పాలలో రాదు.

మోతాదు విషయానికొస్తే, రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాములకు కాస్త పైన. మరి మాత్రలో వెయ్యి ఎందుకు? పేగుల్లో బి12ను మోసుకెళ్లే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ ఒక్కసారికి ఒకటిన్నర, రెండు మైక్రోగ్రాములే మోయగలదు. మిగిలినదాంట్లో నూటికి ఒక వంతు మాత్రమే నేరుగా రక్తంలోకి ఇంకుతుంది. అందుకే రోజూ 50 మైక్రోగ్రాములు, లేదా వారంలో రెండుసార్లు 1000 చొప్పున. మందుల షాపులో తేలిగ్గా దొరికేది 1500ల మిథైల్‌కోబాలమిన్, వారానికి రెండు వేసుకున్నా ఇబ్బంది లేదు. "నరాల మాత్ర ఇవ్వండి" అని మాత్రం అడగొద్దు. నరాల నొప్పికి వాడే ప్రీగాబలిన్ కలిసింది చేతిలో పెడతారు, రోజంతా మత్తుగా ఉంటుంది. క్యాప్సూల్ పొర జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్‌ది కావచ్చు, మాత్రే తీసుకోండి. ఈ మోతాదు లోపం లేనివాళ్లకు. తిమ్మిర్లు మొదలైతే డాక్టర్‌ని కలవాలి, ఇంజెక్షన్లు అవసరం కావచ్చు.

బి12 రక్తపరీక్షను మాత్రలు మొదలుపెట్టకముందే చేయించాలి. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే ల్యాబ్‌కి ముందే చెప్పి రెండుమూడు రోజులు ఆపాలి, లేకపోతే అంకె తప్పుగా ఎక్కువ చూపించవచ్చు. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల లోపు ఉంటే లోపమే. 200-300 మధ్య ఉంటే, బి12 చాలనప్పుడు రక్తంలో పెరిగే హోమోసిస్టీన్ కూడా చూడాలి. ఆ రక్తాన్ని వెంటనే ఐస్‌లో పెట్టి గంటలోపు సీరం వేరుచేయాలి. మే నెల ఎండలో బండి డిక్కీలో కూకట్‌పల్లి నుంచి ఎల్బీనగర్ దాకా తిరిగొచ్చిన శాంపిల్ చూపించే అంకెకు విలువ లేదు. ఇక "సీబీసీ (రక్తకణాల పరీక్ష) నార్మలే" అన్న ధీమా ఒకటి. బి12 లోపం ఎర్రకణాల్ని పెద్దవి చేస్తుంది, ఐరన్ లోపం చిన్నవి చేస్తుంది. రెండూ ఉంటే ఎర్రకణాల సగటు సైజు చూపే ఎంసీవీ చక్కగా మధ్యలో కూర్చుంటుంది. పైగా ఆకుకూరల్లోని ఫోలేట్ అనే విటమిన్ రక్తహీనతను కప్పిపెడుతుంది, నరాలను మాత్రం కాపాడదు.

పెరుగు లేకుండా అన్నం ముగించలేమన్నది అపోహ కాదు, బాధ. దానికి పల్లీల పెరుగుంది. గ్లాసు పల్లీలు ఎనిమిది గంటలు నానబెట్టి, పొట్టు తీసి, మూడు గ్లాసుల నీళ్లతో మెత్తగా రుబ్బి, గుడ్డలో వడకట్టాలి. సన్నని మంట మీద పది నిమిషాలు గరిటె ఆపకుండా కాయాలి, అడుగంటితే ఆ మాడు వాసన మరి పోదు. వేలు పెడితే గోరువెచ్చగా తగిలే దాకా చల్లార్చి, ఏడెనిమిది పచ్చిమిరపకాయ తొడిమలు వేసి పది గంటలు కదపకుండా ఉంచాలి. మొదటి విడత పల్చగా, పల్లీ వాసనతో ఉంటుంది, దాన్ని పారబోయకండి. అందులోంచి రెండు చెంచాలు మళ్లీ కాచిన పల్లీ పాలలో తోడేస్తే రెండో విడత గట్టిగా కుదురుతుంది. తోడుకోలేదంటే కాచిన పల్లీ పాలు మరీ వేడిగా ఉండగానే తొడిమలు వేశారన్నమాట. ఇందులోనూ బి12 లేదు, మళ్లీ చెబుతున్నా.

ప్రొటీన్ గొడవ అంత పెద్దది కాదు. కాకపోతే పప్పుచారు పోసుకుని పప్పు తిన్నామనుకుంటారు. గరిటెడు చారులో ఉండే 20 గ్రాముల కందిపప్పుకు వచ్చేది నాలుగు గ్రాములే. 50 గ్రాముల మీల్‌మేకర్‌లో పాతిక వస్తుంది.

కాల్షియం పాలలోనే ఉందా? 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంది. పొట్టు తీయని నువ్వులూ మునగాకూ మంచివే. పాలకూరను లెక్కలోకి తీసుకోవద్దు, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేసుకుంటుంది.

పచ్చ చుక్క ఉంటే వీగనేనా? కాదు, ఆ చుక్క పాలనూ తేనెనూ ఒప్పుకుంటుంది. ఆహార ప్రమాణాలు చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి వీగన్ గుర్తు వేరే ఉంది, దాని నిబంధనలు 2022లో వచ్చాయి. హోటల్లో వెజ్ బిర్యానీ అంటే పెరుగూ నెయ్యీ ఉన్నట్టే. నాన్ పిండిలోనూ పాలో పెరుగో పడుతుంది. సకినాలు, సర్వపిండి నూనెతో చేస్తే నిశ్చింతగా తినండి. ఖుబానీ కా మీఠా మీద మలాయి వేయొద్దని ముందే చెబితే చాలు.