"పోయిందట" అన్న మాట నమ్మే ముందు: డెస్క్‌టాప్ మరమ్మతులో అపోహలు - వాస్తవాలు

నా బల్ల మీదికి వచ్చే కంప్యూటర్లు చాలావరకు తీర్పును కూడా వెంటబెట్టుకుని వస్తాయి. "మదర్‌బోర్డు పోయిందట." "హార్డ్ డిస్క్ మార్చాలట." ఆ "అట" వెనుక ఉండేది ఏదీ కొలవకుండా ఎవరో అనేసిన మాట. దాన్ని నమ్మి నిక్షేపంలాంటి భాగాన్ని తీసి పారేసిన వాళ్లను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది. తరచుగా వినబడే అలాంటి మాటలను కొన్నింటిని ఇక్కడ విప్పి చూపిస్తాను.

అపోహ: ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టె) బాగానే ఉంది.

వాస్తవం: ఫ్యాన్ తిరగడానికి కావలసిన కరెంటు చాలా తక్కువ. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు అడిగేది దానికి ఎన్నో రెట్లు. ఎస్‌ఎంపీఎస్ ప్రధానంగా 12, 5, 3.3 వోల్టులు ఇవ్వాలి. ఒక్కొక్కటి 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. అంటే 12 వోల్టుల పసుపు తీగ మీద మల్టీమీటరు 11.4 నుంచి 12.6 మధ్య చూపాలి. కంప్యూటర్ ఊరికే ఉన్నప్పుడు కొలిస్తే ఈ లెక్క తేలదు, దానికి బరువైన పని అప్పగించి కొలవాలి. ఊరికే ఉన్నప్పుడు 12.1 చూపించి, గేమ్ మొదలుకాగానే 11.2కు జారిపోతే దోషం దొరికినట్టే. ఆట మధ్యలో హఠాత్తుగా రీస్టార్ట్ అయ్యే యంత్రాల్లో నేను మొదట చూసేది ఇదే.

ఇంకొక సంగతి ఉంది. 24 పిన్నుల కనెక్టరులో 8వ పిన్నుకు వచ్చే తీగ, సాధారణంగా బూడిద రంగులో ఉంటుంది. వోల్టేజీలన్నీ కుదురుకున్నాయని ఎస్‌ఎంపీఎస్ మదర్‌బోర్డుకు కబురు పంపేది దాని మీదే. ఆ కబురు అందేదాకా ప్రాసెసర్ పని మొదలుపెట్టదు. ఫ్యాన్లన్నీ తిరుగుతూనే ఉంటాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది. ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి చూసే పరీక్ష కూడా ఎస్‌ఎంపీఎస్ ఆన్ అవుతుందని చెబుతుందే తప్ప, బరువు మోస్తుందని చెప్పదు. అనుమానం తీర్చుకోవడానికి ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం తెరవకండి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

అపోహ: డిస్‌ప్లే రాకపోతే మదర్‌బోర్డు పోయినట్టే.

వాస్తవం: నా జాబితాలో మదర్‌బోర్డు చివరి అనుమానితురాలు. మొదట మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్నప్పుడు కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి. మదర్‌బోర్డు మీది పోర్టుకు పెడితే చాలా యంత్రాల్లో తెర మీద ఏమీ రాదు. తర్వాత ప్రాసెసర్ పక్కన ఉండే 4 లేదా 8 పిన్నుల పవర్ కనెక్టరు. అది వదులుగా ఉన్నా ఫ్యాన్లు తిరుగుతాయి. ఆ తర్వాత ర్యామ్ పలకల్లో ఒక్కదాన్నే ఉంచి, గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి కాకపోతే అదీ తీసేసి, డిస్కులు, యూఎస్‌బీ పరికరాలు అన్నీ పీకేసి ఆన్ చేయాలి. డిస్‌ప్లే వస్తే తీసినవాటిని ఒక్కొక్కటిగా తిరిగి పెడుతూ పోవాలి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఏది దోషో ఎప్పటికీ తేలదు.

డీడీఆర్5 ర్యామ్ వేసిన కొత్త యంత్రం మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర కొన్ని నిమిషాల దాకా నల్లగానే ఉండవచ్చు. ఆ సమయంలో మదర్‌బోర్డు ర్యామ్ వేగాన్ని సరిచూసుకుంటూ ఉంటుంది. కంగారుపడి ఆపేస్తే ఆ పని మళ్లీ మొదటికి వస్తుంది.

ఒకసారి నా దగ్గరికి వచ్చిన క్యాబినెట్ సంగతి చెప్పాలి. ఆన్ చేయగానే ఫ్యాన్లు తిరిగి, కొద్దిసేపటికే ఆగిపోతోంది. అప్పటికే ఇద్దరు చూసి మదర్‌బోర్డు పోయిందన్నారట. నేను సెకన్లు లెక్కపెట్టాను. నాలుగు లెక్కపెట్టేసరికి ఆగింది. మళ్లీ ఆన్ చేశాను, మళ్లీ నాలుగే. పాడైన బోర్డు ఇంత కచ్చితంగా గడియారం పాటించదు. పవర్ బటన్‌ను దాదాపు 4 సెకన్లు నొక్కి పట్టుకుంటే కంప్యూటర్ బలవంతంగా ఆగిపోయే ఏర్పాటు డెస్క్‌టాప్‌లలో ఉంటుంది. వంగి చూస్తే, నొక్కిన బటన్ వెనక్కి రాకుండా చట్రంలో ఇరుక్కుని ఉంది. గోటితో లాగితే టక్కున పైకి వచ్చింది. పవర్ స్విచ్ తీగను మదర్‌బోర్డు నుంచి తీసేసి, ఆ రెండు పిన్నులనూ స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం కలిపాను. యంత్రం లేచింది, డిస్‌ప్లే వచ్చింది, ఇక ఆగలేదు. బటన్ చుట్టూ పేరుకున్న జిగురు మురికిని తుడవడంతో మరమ్మతు పూర్తయింది.

అపోహ: ర్యామ్ పిన్నులను రబ్బరుతో రుద్దితే బాగవుతుంది.

వాస్తవం: చాలాసార్లు బాగుచేసింది రబ్బరు కాదు, ర్యామ్‌ను తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టడం. ఆ పిన్నుల మీది బంగారు పూత చాలా పలుచన. రబ్బరు దాన్ని కొద్దికొద్దిగా అరగదీస్తుంది, రాలిన పొడి స్లాటులో చేరుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తని, నూలు రాలని గుడ్డ చాలు. రెండు ర్యామ్‌లు ఉంటే చాలా బోర్డుల్లో అవి ప్రాసెసర్ వైపు నుంచి 2వ, 4వ స్లాటుల్లో ఉండాలి. బోర్డు పుస్తకంలో ఒకసారి సరిచూసుకోండి.

అపోహ: నీలి తెర (విండోస్ హఠాత్తుగా ఆగిపోయి చూపే దోష సందేశం) వస్తే ఫార్మాట్ చేయాలి.

వాస్తవం: ఇది నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే సలహా. ర్యామ్‌లో ఒక్క బిట్ తప్పు చదివినా నీలి తెర రావచ్చు. అలాంటి ర్యామ్ ఉండగానే విండోస్ మళ్లీ ఎక్కిస్తే, ఎక్కించే ఫైళ్లన్నీ ఆ పాడైన ర్యామ్ గుండానే వెళ్తాయి. కొత్త విండోస్ పుట్టుకతోనే దెబ్బతిని ఉండవచ్చు. వారం తిరగకుండా మళ్లీ నీలి తెర వస్తుంది, ఈలోగా మీ ఫొటోలు, లెక్కలు చెరిగిపోయి ఉంటాయి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్ అనే ప్రోగ్రామును పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, దానితో కంప్యూటర్‌ను ఆన్ చేసి, రాత్రంతా నడవనివ్వండి. ఒక్క తప్పు చూపినా ర్యామ్‌లను ఒక్కొక్కటిగా పరీక్షించండి, స్లాటులు కూడా మార్చి చూడండి.

అపోహ: సీమాస్ బ్యాటరీ (మదర్‌బోర్డు మీద ఉండే చిన్న సెల్లు) అయిపోతే కంప్యూటర్ ఆన్ కాదు.

వాస్తవం: సాధారణంగా అవుతుంది. తేదీ, సమయం వెనక్కి పోతాయి, బయాస్ (ఆన్ కాగానే మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాము) సెట్టింగులు చెరిగిపోతాయి. ఆ బ్యాటరీ చాలావరకు 3 వోల్టుల సీఆర్2032 నాణెం సెల్లు. మార్చడం రెండు నిమిషాల పని.

అపోహ: థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే ముద్ద) ఎంత ఎక్కువ వేస్తే అంత చల్లగా ఉంటుంది.

వాస్తవం: లోహం కన్నా పేస్ట్ వేడిని చాలా తక్కువగా మోస్తుంది. దాని పని రెండు ఉపరితలాల మధ్య ఉండే సన్నని గాలి సందులను పూడ్చడం వరకే. సాధారణ ప్రాసెసర్‌కు మధ్యలో బఠాణీ గింజంత సరిపోతుంది. అంతకన్నా ముఖ్యంగా, కొత్త కూలర్ అడుగున అంటించి వచ్చే పలుచని ప్లాస్టిక్ పొర తీశారా లేదా చూసుకోండి. తీయకుండానే బిగించిన కూలర్లను నా చేతులతో విప్పాను.

అపోహ: హార్డ్ డిస్క్ టకటకమంటే ఫ్రీజర్‌లో పెట్టాలి, బ్యాడ్ సెక్టార్లు (డిస్క్ మీద దెబ్బతిన్న చోట్లు) ఫార్మాట్‌తో పోతాయి.

వాస్తవం: ఫ్రీజర్ నుంచి తీసిన డిస్క్ లోపల తేమ చేరితే, పళ్లేల మీద మిగిలిన సమాచారం కూడా పోవచ్చు. టకటక శబ్దం వస్తుంటే వెంటనే కరెంటు ఆపేయండి. అందులోని సమాచారం నిజంగా అవసరమైతే, డేటా రికవరీ చేసేవారికి ఇచ్చేదాకా మళ్లీ ఆన్ చేయవద్దు. ఫార్మాట్ చేస్తే దెబ్బతిన్న చోటు కొంతకాలం కనబడకుండా ఉంటుందే గానీ, ఉపరితలం బాగుపడదు.

శబ్దం లేకుండా కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే, ముందు ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకుని, తర్వాత డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే "స్మార్ట్" నివేదిక తీయండి. 5, 197 సంఖ్యల వరుసలు దెబ్బతిన్న చోట్లను లెక్కపెడతాయి; వాటిలో ముడి విలువ (రా వాల్యూ) సున్నా దాటి పెరుగుతూ పోతుంటే డిస్క్ మార్చవలసిందే. ఆ రెండూ సున్నాగా ఉండి 199 వరుస ఒక్కటే పెరుగుతుంటే, ముందుగా డిస్క్‌ను బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చండి. ఆ వరుస లెక్కపెట్టేది డిస్క్‌కూ బోర్డుకూ మధ్య దారిలో జరిగిన పొరపాట్లను. పాత లెక్క చెరగదు కాబట్టి, కేబుల్ మార్చిన రోజున ఆ సంఖ్యను కాగితం మీద రాసుకుని, వారం తర్వాత మళ్లీ చూడండి. అక్కడే ఆగి ఉంటే డిస్క్‌కు ఏ రోగమూ లేనట్టే.