మెర్కావా వెనక తలుపు: ట్యాంకు లోపల జవాన్లను ఎక్కించుకెళ్లడం అయ్యే పనేనా?

2023లో గాజా యుద్ధం మొదలైన దగ్గర్నుంచి ఈ వాదన మళ్లీ మళ్లీ లేస్తోంది. ఇజ్రాయెల్ మెర్కావా ట్యాంకు వీడియో ఒకటి బయటికి రాగానే ఎవరో ఒకరు ఆ వెనక తలుపు చూపించి, "ఇందులో ఎనిమిది మంది జవాన్లు కూర్చుంటారు, మన అర్జున్ ట్యాంకుకి అలాంటి తలుపు ఎందుకు పెట్టలేదు" అని అడుగుతారు, ఇక అక్కడి నుంచి తగాదా. ట్యాంకు ఎలా పుట్టింది, ఎవరు కనిపెట్టారు అన్నది అందరికీ తెలిసిన కథే కాబట్టి అది వదిలేస్తున్నాను. నేరుగా 2014 జులై 20కి వెళ్దాం, ఎందుకంటే నా లెక్కలో జవాబు మొత్తం అక్కడే ఉంది.

ఆ తెల్లవారుజామున గాజా నగరానికి తూర్పున ఉన్న షుజాయియా పేటలోకి ఇజ్రాయెల్ గోలానీ బ్రిగేడ్ జవాన్లు వెళ్లారు. వాళ్లలో కొందరు ఎక్కిన బండి ఎం-113. 1960 ప్రాంతంలో అమెరికా సైన్యం కోసం తయారైన అల్యూమినియం పెట్టె అది, మామూలు తూటాలను ఆపుతుందేమో గాని రాకెట్‌ని ఆపలేదు. ఆ బండి ఇరుకు సందుల్లో ఆగిపోయింది, ట్యాంకులను కొట్టే రాకెట్ వచ్చి తగిలింది, లోపలున్న ఏడుగురు చనిపోయారు. ఇప్పుడు ఆలోచించండి. అదే సైన్యం దగ్గర వందల మెర్కావాలు ఉన్నాయి, ప్రతిదానికీ వెనక తలుపు ఉంది, అదే యుద్ధంలో అవి తిరుగుతూనే ఉన్నాయి. జవాన్లను వాటిలో ఎక్కించుకుని వెళ్లడం నిజంగా వీలయ్యే పని అయితే, యాభై ఏళ్ల నాటి డిజైన్‌లో వాళ్లను ఎందుకు పంపినట్టు?

వీలు కాదు కాబట్టే. ఆ తలుపు వెనక ఉన్నది సీట్ల గది కాదు, గుండ్ల గది. మెర్కావా నాలుగో రకం 120 మిల్లీమీటర్ల గుండ్లు 48 మోసుకెళ్తుంది. అందులో పది మాత్రమే టరెట్‌లో, అంటే ఫిరంగి ఉండే, గుండ్రంగా తిరిగే పై భాగంలో, వెంటనే పేల్చడానికి సిద్ధంగా తిరిగే పెట్టెలో ఉంటాయి, మిగతావన్నీ వెనక భాగంలోనే పేర్చి ఉంటాయి. ఒక్కో గుండు దాదాపు మీటరు పొడవు, ఇరవై కిలోల బరువు. మనుషులు ఎక్కాలంటే ఆ గుండ్లు దిగాలి. గుండ్లన్నీ దించేస్తే ఏడెనిమిది మందిని షేర్ ఆటోలో కుక్కినట్టు కుక్కొచ్చు, అప్పుడు ట్యాంకు దగ్గర మిగిలేది ఆ పది గుండ్లే. సగం గుండ్లు ఉంచితే ముగ్గురో నలుగురో. జవాను ఒక్కడే ఎక్కడు, తుపాకీ, హెల్మెట్, కవచం, నీళ్లు, వీపు మీద మూట అన్నీ కలిపి ఎక్కుతాడు. ఈ సంగతి "ఎనిమిది మంది" అని లెక్క చెప్పేవాళ్లు మర్చిపోతుంటారు.

మరి తలుపు ఎందుకు పెట్టినట్టు? 1969లో బ్రిటన్ తన చీఫ్‌టెన్ ట్యాంకులు ఇజ్రాయెల్‌కి అమ్మే విషయంలో వెనక్కి తగ్గాక, 1970లో ఇజ్రాయెల్ తాల్ అనే జనరల్ ఆధ్వర్యంలో సొంత ట్యాంకు పని మొదలైంది. 1973లో ఈజిప్టు, సిరియాలతో జరిగిన యుద్ధంలో ట్యాంకు సిబ్బంది పెద్ద సంఖ్యలో చనిపోవడంతో ఆయన పట్టుదల ఇంకా పెరిగింది: బండి పోయినా పర్వాలేదు, లోపలి మనుషులు బతకాలి. అందుకే ఇంజిన్‌ని ముందుకు తెచ్చాడు. ముందు నుంచి వచ్చే గుండుకి ఇంజిన్ కూడా ఒక అడ్డు. ఇంజిన్ ముందుకు పోయేసరికి వెనక ఖాళీ దొరికింది, దానికి తలుపు పెట్టాడు. గుండ్లు గబగబా నింపుకోవడానికి, బండి దెబ్బతింటే శత్రువుకి కనబడకుండా సిబ్బంది దిగిపోవడానికి.

మెర్కావాలో ఇదివరకు మనుషులను ఎక్కించారు కదా అనేవాళ్ల మాటలోనూ కొంత నిజం ఉంది. 1979లో సైన్యంలో చేరిన మెర్కావా 1982లో లెబనాన్‌లో మొదటిసారి యుద్ధం చూసింది. అక్కడ దెబ్బతిన్న బండ్ల సిబ్బందిని, గాయపడ్డవాళ్లను ఆ తలుపులోంచి లోపలికి లాక్కుని బయటపడేశారు. తర్వాత కొన్ని మెర్కావాలను గాయపడ్డవాళ్ల కోసమే మార్చి వాడారు కూడా. ప్రాణాలు దక్కాయి, అది చిన్న విషయమేమీ కాదు. కానీ ఆపదలో నలుగురిని వెనక్కి తేవడం వేరు, రోజూ ఒక దళాన్ని ఎక్కించుకుని ముందుకు పోవడం వేరు.

ఈ తేడా ఇజ్రాయెల్ సైన్యానికి బాగా తెలుసు. మెర్కావా వచ్చిన దాదాపు పదేళ్లకు, 1980ల చివర్లో, వాళ్లే అఖ్జారిత్ అనే బండి తెచ్చారు. అరబ్ సైన్యాల నుంచి పట్టుకున్న సోవియట్ టీ-54, టీ-55 ట్యాంకుల టరెట్లు పీకేసి, కవచం పెంచి, ఏడుగురు జవాన్లు కూర్చునేలా చేశారు, బరువు 44 టన్నులు. తలుపున్న ట్యాంకు చేతిలో ఉండగా ఇంకో బండి ఎందుకు చేసుకున్నారు? 2008 నాటికి మెర్కావా డిజైన్ మీదే నామెర్ అనే జవాన్ల బండి వచ్చింది. అదే వెనక తలుపు, అదే ముందు ఇంజిన్, కాకపోతే టరెట్ లేదు, ఫిరంగి లేదు, గుండ్లు లేవు. అప్పుడు తొమ్మిది మంది జవాన్లకు చోటు దొరికింది. ఫిరంగి తీసేస్తే తప్ప మనుషులు పట్టలేదన్న మాట. నామెర్లు ఖరీదు, నెమ్మదిగా తయారయ్యాయి, 2014లో అందరికీ సరిపోలేదు. షుజాయియా తర్వాతే వాటి సంఖ్య పెంచాలన్న నిర్ణయం గట్టిపడింది.

నిజానికి ఈ పాఠం 1918లోనే ఒకసారి అయింది. బ్రిటిష్‌వాళ్లు తమ మార్క్-5 ట్యాంకుని ఆరడుగులు సాగదీసి, ఆ చోటులో మెషీన్‌గన్ దళాలను ఎక్కించి ఆగస్టు 8న అమియాన్ యుద్ధానికి పంపారు. ఇంజిన్ కూడా అదే గదిలో. వేడి, పొగ. దిగాల్సిన చోటుకి వచ్చేసరికి చాలామందికి వాంతులు, కళ్లు తిరగడం, యుద్ధం చేసే స్థితిలోనే లేరు. ఫిరంగి లేకుండా మనుషుల కోసమే మార్క్-9ని వేరుగా కట్టారు. ఇంకోసారి యుక్రెయిన్ ప్రయత్నించింది: 2000ల మొదట్లో ఖార్కివ్ ఇంజినీర్లు తమ టీ-84 ట్యాంకుని పొడుగు చేసి, ఫిరంగి ఉంచి, వెనక ఐదుగురికి చోటు పెట్టారు. నమూనా దగ్గరే ఆగిపోయింది, ఎవరూ కొనలేదు.

చోటు ఒక్కటే కాదు సమస్య. ట్యాంకు వీలైతే కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరం నుంచి కొట్టాలనుకుంటుంది. జవాన్లు ఇంటి గుమ్మం దాకా వెళ్లి దిగాలి. ఇద్దరూ ఒకే బండిలో ఉంటే ఎవరి పని ముందు చేయాలి? శత్రువు చూపు మొదట పడేది ట్యాంకు మీదే, అంటే ఫిరంగి కోసం వచ్చిన దెబ్బ వెనక కూర్చున్నవాళ్లకూ తగులుతుంది, ఒక్క దెబ్బకి ట్యాంకూ పోతుంది, దళమూ పోతుంది. పైగా నలుగురు నలుగురుగా రెండు ట్యాంకుల్లో విడదీస్తే, దిగాక తమ నాయకుడెక్కడో వెతుక్కోవాలి.

ఇక మన సంగతి. అర్జున్, టీ-72, టీ-90 అన్నిటికీ ఇంజిన్ వెనకే. తలుపు పెట్టాలంటే ట్యాంకునే కొత్తగా గీయాలి, ఒక తలుపు కోయడంతో తేలే పని కాదు. మన జవాన్లు ఎక్కేది సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారయ్యే సారథ్, అంటే బీఎంపీ-2. 1987 నుంచి అక్కడ తయారవుతోంది, ఏడుగురు జవాన్లు పడతారు, నీళ్లలో ఈదుతుంది, బరువు 14 టన్నులే. ఆ బరువులో ఎంత కవచం ఉంటుందో ఊహించుకోవచ్చు. షుజాయియాలో వచ్చినలాంటి రాకెట్ దీన్నీ చీల్చుకుపోతుంది. నాకు టెన్షన్ అంతా దీని గురించే, అర్జున్‌కి లేని తలుపు గురించి కాదు.

మన దగ్గర రెండు వేలకు పైగా టీ-72లు ఉన్నాయి, వాటి చోట కొత్త ట్యాంకు తేవాలన్న ఆలోచన నడుస్తోంది. అవి పక్కకు వచ్చినప్పుడు టరెట్ తీసి జవాన్ల బండ్లుగా మార్చొచ్చా అన్నది గట్టిగా అడగాల్సిన ప్రశ్న. అడిగేటప్పుడు ఒకటి చూసుకోవాలి. రష్యా టీ-55ని అలా మార్చి బీటీఆర్-టీ చేసినప్పుడు ఇంజిన్‌ని వెనకే ఉంచేసింది, దాంతో జవాన్లు పైకప్పు మూతలు తెరుచుకుని, తూటాల మధ్య పైకి లేచి దూకాల్సి వచ్చింది. ఇజ్రాయెల్‌వాళ్లు అదే టీ-55లో ఇంజిన్ మార్చి, పక్కకు జరిపి, ఒక మనిషి పట్టేంత సందు చేశారు. ఆ సందులోంచే ఏడుగురూ వెనక నుంచి దిగుతారు.