విషం తయారుచేసే కణం తానెందుకు చావదు?

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు.

పక్కనున్న బ్యాక్టీరియాలను చంపడానికి కొన్ని బ్యాక్టీరియాలు విష పెప్టైడ్లు (అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు) తయారుచేస్తాయని చదివి, "మరి ఆ విషం వాటినే ఎందుకు చంపదు తాతయ్యా?" అని అడిగారు. ఎంత మంచి ప్రశ్న అడిగారర్రా! కొందరు "తన విషం తనకెక్కదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నాకది నచ్చదు. ఎక్కుతుంది. ఎక్కకుండా ఆ కణం క్షణక్షణం పాటుపడుతూ ఉంటుంది.

నిసిన్ సంగతే చూడండి. పాలలో పెరిగే లాక్టోకాకస్ లాక్టిస్ అనే బ్యాక్టీరియా దీన్ని చేస్తుంది. దీని ప్రభావాన్ని 1928లోనే గమనించారు. ఇప్పుడు చాలా దేశాల్లో ఆహారం చెడిపోకుండా నిసిన్ కలుపుతున్నారు. ఇందులో ఉన్నవి 34 అమైనో ఆమ్లాలే. కానీ పనితనం చూడండి. బ్యాక్టీరియా తన కణకవచం కట్టుకోవడానికి లిపిడ్-2 అనే పదార్థాన్ని వాడుతుంది. నిసిన్ సరిగ్గా దాన్నే పట్టుకుంటుంది. దాంతో కవచం పని ఆగిపోతుంది. అంతటితో ఊరుకోదు. ఎనిమిది నిసిన్ అణువులు, నాలుగు లిపిడ్-2 అణువులు కలిసి కణత్వచంలో, అంటే కవచం లోపలివైపు ఉన్న పలుచని పొరలో, ఒక రంధ్రం చేస్తాయి. లోపలి అయాన్లు, చిన్న అణువులు కారిపోయి కణం చచ్చిపోతుంది.

చిక్కేమిటంటే, లిపిడ్-2 లేనిదే లాక్టోకాకస్‌కూ కవచం లేదు. శత్రువు దగ్గరున్నదే తన దగ్గరా ఉంది. అందుకే నిసిన్‌ను తయారుచేసేటప్పుడు దాని ముందు 23 అమైనో ఆమ్లాల తోక ఒకటి తగిలిస్తుంది. ఆ తోక ఉన్నంతసేపూ నిసిన్ ఒరలో ఉన్న కత్తే. ఎవరినీ ఏమీ చేయలేదు. కణం లోపల దానికి అవసరమైన మార్పులన్నీ తోక ఉండగానే జరుగుతాయి. తర్వాత నిస్-టి అనే ప్రొటీన్ దాన్ని బయటికి పంపుతుంది. బయటికొచ్చాకే, నిస్-పి అనే ఎంజైమ్ తోక కోసేస్తుంది.

ఇక్కడితో అయిపోలేదు, అసలు గండం ఇప్పుడే మొదలవుతుంది. నిసిన్‌కు ప్రాణం వచ్చింది ఎక్కడ? తనను కన్న కణం గడపలోనే! లిపిడ్-2 ఉండేది కూడా ఆ పక్కనే. అందుకని కణం ఇద్దరు కాపలాదారులను పెట్టుకుంది. నిస్-ఐ అనే ప్రొటీన్ కణత్వచానికి బయటివైపు అంటుకుని ఉండి, దగ్గరికొచ్చిన నిసిన్‌ను లిపిడ్-2 దాకా పోనివ్వదు. దాన్ని తప్పించుకుని త్వచంలోకి దూరిన నిసిన్‌ను నిస్-ఎఫ్ఈజీ అనే పంపు బయటికి తోసేస్తుంది. ఆ పంపు నడవడానికి ఏటీపీ, అంటే కణానికి శక్తినిచ్చే ఇంధనం, ఖర్చవుతుంది. రెండింటిలో ఏ ఒక్కటి తీసేసినా రక్షణ సన్నగిల్లుతుంది.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచేది విషానికీ, కాపలాకూ ఉన్న పొత్తు. నిసిన్ జన్యువు, ఈ కాపలా జన్యువులు డీఎన్ఏలో ఒకచోటే గుంపుగా ఉంటాయి. బయట నిసిన్ పెరిగిందని కణం పసిగట్టగానే నిసిన్ తయారీ పెరుగుతుంది, దాంతోపాటే పంపు తయారీ కూడా పెరుగుతుంది. విషం ఎక్కువై రక్షణ తక్కువయ్యే రోజు రాకుండా అన్నమాట.

కొలిసిన్ల పద్ధతి వేరు. ఎశ్చరీషియా కోలై అనే బ్యాక్టీరియా చేసే ఈ విషాలను 1925లో బెల్జియం శాస్త్రవేత్త ఆండ్రే గ్రాషియా కనిపెట్టాడు. ఇవి పెప్టైడ్లకన్నా చాలా పెద్దవి, ప్రొటీన్లే. కొలిసిన్ ఈ9 అయితే ఏకంగా డీఎన్ఏనే కోసేస్తుంది. కాబట్టి అది తయారవుతూనే, కణాన్ని కాపాడే ఇమ్యూనిటీ ప్రొటీన్ అనేది దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టు మనకు తెలిసిన ప్రొటీన్ల పట్టుల్లో అతి బలమైన వాటిలో ఒకటి. కొలిసిన్ శత్రుకణంలోకి దూరేటప్పుడు మాత్రమే ఆ పట్టు వదులుతుంది. కానీ దాన్ని బయటికి వదలడానికి కణం పగిలి తానే చచ్చిపోతుంది. బతికేవి అదే ఇమ్యూనిటీ ఉన్న దాని తోటి కణాలు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, ఈ రక్షణ తన విషానికే సరిపోతుంది. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియా చేసే సబ్టిలిన్ నిసిన్‌కు దగ్గరి చుట్టం. రూపం దాదాపు అదే, పట్టుకునేదీ లిపిడ్-2నే. అయినా నిసిన్‌ను ఆపే నిస్-ఐ, సబ్టిలిన్‌ను ఆపలేదు. ఆ తేడా నిస్-ఐలో ఎక్కడుందో, అది నిసిన్‌ను ఎలా గుర్తుపడుతుందో ఈసారి వచ్చినప్పుడు బొమ్మ గీసుకుని కూర్చుందాం.

మీ తాతయ్య