చప్పట్ల నిడివి ఏం చెబుతుంది?

బరంపురంలోనైనా పర్లాకిమిడిలోనైనా పద్యనాటకంలో రాగం బాగా కుదిరిందంటే "వన్స్ మోర్" అని కేక పడుతుంది. ఈ పద్యం నచ్చింది, మళ్లీ పాడు అని దానర్థం. ఫ్రాన్స్‌లో జరిగే కాన్ చిత్రోత్సవంలో నిమిషాల లెక్కన కొలిచే చప్పట్లకు ఇంత సూటి అర్థం లేదు. 2006లో 'పాన్స్ లాబిరింత్' సినిమాకు 22 నిమిషాలు మోగాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. అక్కడే 1960లో ఆంతోనియోని తీసిన 'లవ్వెంతూరా'ను జనం గేలిచేశారు. జ్యూరీ మాత్రం దానికి బహుమతి ఇచ్చింది.

చప్పట్లు అంటువ్యాధిలా పాకుతాయని 2013లో పరిశోధకుడు రిచర్డ్ మాన్ బృందం ప్రసంగాలు విన్న శ్రోతలను గమనించి చూపింది. పక్కవాళ్లను చూసి కాదు, హాల్లో మొత్తం ఎంతమంది కొడుతున్నారన్న దాన్ని బట్టి మనమూ మొదలుపెడతాం. ఆపడం కూడా అంతే. అందుకే ప్రసంగాల నాణ్యతలో పెద్ద తేడా లేకపోయినా చప్పట్ల నిడివి బాగా మారిపోయింది.

నాకు ఇంతకన్నా అబ్బురమనిపించేది 2000లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన. రొమేనియా, హంగరీ నాటకశాలల్లో చప్పట్లను రికార్డు చేసి చూశారు. మొదట అందరూ జోరుగా, ఎవరి వేగంలో వాళ్లు కొడతారు. కాసేపటికి అందరి చప్పట్లూ ఒకే తాళంలో పడతాయి. అదెలాగంటే, ప్రతివాళ్లూ తమ వేగాన్ని దాదాపు సగానికి తగ్గిస్తారు. జోరు మీద ఉన్నప్పుడు మనిషికీ మనిషికీ వేగంలో తేడా ఎక్కువ. నెమ్మదించాక ఆ తేడా తగ్గి, ఒకరి లయ ఒకరికి అందుతుంది. అయితే చప్పట్ల సంఖ్య తగ్గింది కాబట్టి మొత్తం మోత కూడా తగ్గుతుంది. మెప్పు గట్టిగా వినిపించాలని జనం మళ్లీ వేగం పెంచుతారు, తాళం చెదిరిపోతుంది. ఒక్క ప్రదర్శన చివర ఇది చాలాసార్లు జరగవచ్చు. కలిసి కొట్టాలన్న కోరిక, గట్టిగా కొట్టాలన్న కోరిక రెండూ ఒకేసారి తీరవన్నమాట.

కాన్‌లో దీనికి ఇంకోటి తోడవుతుంది. దర్శకుడు, నటులు హాల్లోనే ఉంటారు. సినిమా అయ్యాక కెమెరా ఒక్కొక్కరి ముఖాన్నీ పెద్ద తెర మీద చూపిస్తుంది. కళ్లు చెమర్చిన మనిషి తెర మీద కనిపిస్తుంటే చప్పట్లు ఆపడానికి ఎవరికి మాత్రం మనసొప్పుతుంది? ఆ నిమిషాల్లో సినిమా మీద మెచ్చుకోలు ఎంతో, మనుషుల మీద ఆప్యాయత ఎంతో విడదీసి చెప్పలేం.

కాబట్టి ఫెస్టివల్ వార్త రాసేవాళ్లు ఆఖరి నిమిషాలు లెక్కపెట్టే బదులు, సినిమా నడుస్తుండగా ఏ సీన్ దగ్గర చప్పట్లు పడ్డాయో రాస్తే బాగుంటుంది. మన బరంపురం థియేటర్లలో ఈల ఫలానా డైలాగుకే పడుతుంది. అది ఎందుకు పడిందో హాల్లో అందరికీ తెలుసు.