పాదం సిద్ధం కాకముందే ఇంటికొస్తున్న పాయింట్ షూ

అనంతపురంలో డాన్స్ క్లాసు అంటే నిన్నమొన్నటిదాకా కూచిపూడి, భరతనాట్యమే. ఇప్పుడు ఫోన్లో వీడియోలు చూసిన ఆడపిల్లలు యూరప్ నాట్యమైన బ్యాలే నేర్చుకుంటామంటున్నారు. వారానికోసారి ఏదో వెస్టర్న్ డాన్స్ క్లాసు, మిగతాదంతా ఆన్‌లైన్‌లో. ఏడాది తిరక్కుండానే పాయింట్ షూకి, అంటే కాలి వేళ్ల కొనల మీద నిలబడి ఆడటానికి వేసుకునే గట్టి కొన షూకి, ఆర్డర్ పెట్టేస్తున్నారు. గులాబీ రంగు శాటిన్, పొడుగాటి రిబ్బన్లు చూసి పిల్ల మురిసిపోతుంది. కొన్ని వారాలకు బొటనవేలి గోరు నల్లబడుతుంది, వేళ్ల మీద బొబ్బలు లేస్తాయి. "ఇది మన కాళ్లకు సరిపడేది కాదులే" అని షూ అటకెక్కుతుంది.

ఆ మాట నేను ఒప్పుకోను. లోపం మన కాళ్లలో లేదు. ఈ షూ పుట్టి పెరిగిన క్రమం చూస్తే, పొరపాటు ఎక్కడ మొదలవుతోందో తెలుస్తుంది.

18వ శతాబ్దం మొదట్లో పారిస్ రంగస్థలం మీద నర్తకీమణులు ఎత్తు మడమల బూట్లతోనే ఆడేవారు. 1726లో పారిస్ ఒపేరాలో అడుగుపెట్టిన మేరీ కమార్గో అనే నర్తకి తన బూట్ల మడమ తీసేసిందని చెబుతారు. 1796లో లండన్‌లో షార్ల్ దిద్‌లో అనే నృత్య దర్శకుడు నర్తకులను సన్నని తీగలతో పైకి లేపి చూపించాడు. గాల్లోకి లేచే ముందు వాళ్లు ఒక్క క్షణం వేలి కొనల మీద నిలిచినట్టు కనిపించేవారు. జనం దానికి మైమరచిపోయారు. తీగ సాయం లేకుండా అలా నిలబడాలనుకున్నవాళ్లు ఆశ పెట్టుకున్నది బూటు మీద కాదు. కాలినే సిద్ధం చేసుకున్నారు.

అందులో అందరికన్నా పేరు తెచ్చుకున్నది మేరీ టాల్యోని. 1822లో వియన్నాలో తొలి ప్రదర్శనకు ముందు ఆమెకు తండ్రి ఫిలిప్పో నెలల తరబడి, రోజుకు ఆరేసి గంటలు సాధన చేయించాడు. ఒక్కో భంగిమలో కదలకుండా నిలబడి అంకెలు లెక్కపెట్టాల్సిందే. పదేళ్ల తర్వాత, 1832 మార్చి 12న, పారిస్‌లో 'లా సిల్ఫీడ్' బ్యాలేలో ఆమె వేలి కొనల మీద లేచినప్పుడు వేసుకున్నది మెత్తని శాటిన్ స్లిప్పర్. కొనకూ పక్కలకూ దట్టంగా దారం కుట్లు వేసి ఉండేవి, అంతే. లోపల గట్టిది ఏదీ లేదు. మోసింది చీలమండ, పిక్క, అరికాలి కండరాలు.

షూ గట్టిపడటం ఆ తర్వాతి సంగతి. 19వ శతాబ్దం చివర్లో ఇటలీ నర్తకీమణులు కొన చదునుగా, గట్టిగా ఉన్న షూలతో రష్యాకు వెళ్లారు. 1893లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పియెరీనా లెన్యానీ ఒంటికాలి మీద వరసగా 32 ఫుయెతేలు (రెండో కాలు కొరడాలా విసురుతూ తిరిగే చుట్లు) తిరిగింది. 1895లో 'స్వాన్ లేక్'లోనూ అదే చేసింది. అన్ని చుట్లు మెత్తని స్లిప్పర్‌తో తిరగడం కష్టం. ఆ తర్వాత రష్యా నర్తకి అన్నా పావ్లోవా వచ్చింది. ఆమెవి బాగా వంపు తిరిగిన సన్నని పాదాలు, బరువంతా బొటనవేలి మీదే పడేది. అందుకని షూలో గట్టి తోలు అట్ట పెట్టించుకుంది, కొన వెడల్పు చేయించుకుంది. ఆ వెడల్పు కనబడకుండా ఫోటోల్లో కొన దిద్దించేదంటారు. ఇవాళ్టి షూ ఆ దారిలో వచ్చిందే. 1993లో గేనర్ మిండెన్ కంపెనీ అట్ట స్థానంలో ప్లాస్టిక్ లాంటి సాగే పదార్థం కూడా పెట్టింది.

(ఈ పావ్లోవాకూ మనకూ ఒక సంబంధముంది. 1920ల చివర్లో రుక్మిణీదేవి అరుండేల్ ఆమె బృందంలోని క్లియో నోర్డి దగ్గర బ్యాలే నేర్చుకుంది. మీ దేశపు నాట్యం వైపు చూడమని ఆమెను ప్రోత్సహించింది పావ్లోవానే. 1936లో రుక్మిణీదేవి భరతనాట్యం నేర్పే కళాక్షేత్రను మొదలుపెట్టింది.)

ఇప్పటికీ చాలా కంపెనీల షూ చేత్తో, తిరగేసి కుట్టేదే. వేళ్ల చుట్టూ ఉండే బాక్స్‌ను గుడ్డ, కాగితం పొరలు పొరలుగా జిగురుతో అంటించి ఆరబెడతారు. అరికాలి కింద షాంక్ అనే గట్టి అట్ట ఉంటుంది. 1929లో మొదలైన లండన్ ఫ్రీడ్ కంపెనీలో ఒక్కో పనివాడికి ఒక్కో గుర్తు ఉంటుంది: గంట, కిరీటం, చేప, లంగరు. నర్తకి ఏళ్ల తరబడి ఒకే గుర్తు షూ వాడుతుంది. ఆ చెయ్యి మారితే తన కాలికి తేడా తెలిసిపోతుంది. ఇంత పట్టింపు ఉన్న వస్తువును మనం సైజు చార్ట్ చూసి తెప్పించుకుంటున్నాం.

గట్టి షూతో వచ్చే చిక్కు ఇదీ: బలం లేని కాలిని కూడా అది పిండికట్టులా పట్టి నిలబెడుతుంది. పిల్ల లేచి నిలబడగానే వచ్చేసిందనుకుంటాం. మా వీధిలో ఒకమ్మాయి నాకు లేచి చూపించింది. ఇల్లంతా తాడిపత్రి బండలు, నున్నగా, గట్టిగా. కిటికీ ఊచ పట్టుకుని లేచింది. చీలమండ చిటికెన వేలి వైపు ఒరిగింది, మోకాలు కొద్దిగా వంగింది. దిగేటప్పుడు మెల్లగా దిగలేక ధబ్బుమని పడింది. షూ విప్పితే వేళ్లు ముడుచుకుని ఉన్నాయి, బొటనవేలి గోరు కింద నెత్తురు గడ్డకట్టింది. మడమ దగ్గర నా వేలు దూరేంత సందు. "పెరిగే పిల్ల కదక్కా, ఒక నంబరు పెద్దదే తెప్పిచ్చినాం" అంది వాళ్లమ్మ.

జూన్‌లో స్కూల్ బూట్లు కొనేటప్పుడు ఆ లెక్క సరైనదే. పాయింట్ షూకి మాత్రం అదే చేటు. వదులుగా ఉంటే లేచిన ప్రతిసారీ పాదం బాక్స్ లోపలికి జారి బరువంతా గోరు మీద పడుతుంది. ఇరుకైతే వేళ్లు నలిగి, బొటనవేలి కీలు దగ్గర ఎముక పొడుచుకొచ్చే బాధ ముదురుతుంది. చదునుగా నిలబడితే వేళ్లు ముడవకుండా, కొనకు తాకీ తాకనట్టు ఉండాలి. లేచినప్పుడు మడమ దగ్గర చిటికెడు గుడ్డ చేతికి అందితే చాలు. అక్క వాడిన షూ చెల్లెలికి ఇవ్వడమూ కుదరదు. బాక్స్ అక్క కాలికి ఒదిగి మెత్తబడి ఉంటుంది, షాంక్ సత్తువ పోయి ఉంటుంది.

పాదాన్ని సిద్ధం చేయడం గురించి డాన్స్ వైద్యులు చెప్పేది టాల్యోని తండ్రి పద్ధతికి దూరమేమీ కాదు. అంతర్జాతీయ డాన్స్ వైద్య సంఘం తరఫున 2009లో వచ్చిన సూచనల ప్రకారం 12 ఏళ్లలోపు పాయింట్ మొదలుపెట్టకూడదు. వయసు ఒక్కటే చాలదు, ఏళ్ల తరబడి క్రమమైన శిక్షణ ఉండాలి, చీలమండా నడుమూ నిలకడగా ఉండాలి. వారానికి ఒక్క క్లాసుకు వెళ్లే పిల్లలను పాయింట్ వైపు ప్రోత్సహించవద్దని కూడా అందులో ఉంది. మన ఊళ్లో నేర్చుకుంటున్న పిల్లలందరికీ ఈ ఒక్క వాక్యమే వర్తిస్తుందేమో! ఆ వయసులో పాదం ఎముకలు ఇంకా ఎదుగుతుంటాయి. తొందరపడితే బొటనవేలిని వంచే స్నాయువు వాచిపోవడం, పాదం ఎముకల్లో సన్నని పగుళ్లు రావడం జరుగుతాయి.

ఇక 'మన కాళ్లు' అన్న మాట. 1992లో రావు, జోసెఫ్ అనే ఇద్దరు వైద్యులు మన దేశంలో 2,300 మంది పిల్లల పాదాలను పరీక్షించారు. బూట్లు, చెప్పులు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి అరికాలు చదునుగా ఉంటే, వట్టికాళ్లతో తిరిగేవాళ్లలో అది 2.8 శాతమే. అంటే చెప్పుల్లేకుండా ఆడుకుని పెరగడం అరికాలి వంపుకు మేలే చేసింది. అలా పెరిగిన పాదం ముందు భాగం కాస్త వెడల్పుగా ఉంటుంది. అది అవిటితనం కాదు, వెడల్పు బాక్స్ కావాలన్న కొలత మాత్రమే. ఫ్రీడ్ షూల మీద వెడల్పుకు ఎక్స్, డబుల్ ఎక్స్, ట్రిపుల్ ఎక్స్ అని గుర్తులుంటాయి. మనవాళ్లు చూసేది పొడవు నంబరొక్కటే. చివరికి రంగు కూడా అంతే. గోధుమ రంగు ఒంటికి నప్పే షూలు ఫ్రీడ్‌లో 2018లోగానీ రాలేదు. అంతకు ముందు నల్లజాతి నర్తకీమణులు గులాబీ శాటిన్‌కు తామే మేకప్ పులుముకునేవారు.

కంటి పరీక్షకూ పెళ్లి చీరలకూ బెంగళూరు వెళ్లొస్తూనే ఉంటాం. పిల్లను మంచి బ్యాలే టీచరుకు చూపించడానికి కూడా ఒక రోజు పెట్టుకుంటే బాగుంటుంది. షూ అడగొద్దు. మెత్తని స్లిప్పర్‌తో ఒంటికాలి మీద, ఏదీ పట్టుకోకుండా, మడమ ఎత్తి నిదానంగా దించమని టీచరు అడుగుతారు. చీలమండ ఒరగకుండా వరసగా ఎన్నిసార్లు చేయగలిగిందో చూసి, షూ ఈ ఏడాదా, ఇంకో రెండేళ్లకా అన్నది ఆ టీచరే చెబుతారు.